హెచ్‌ఆర్ ఎవరి మనిషి?

మావయ్యది గాజువాక. ఓ పెద్ద కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ యూనియన్ తరఫున యాజమాన్యంతో మాట్లాడే బాధ్యత ఎక్కువగా ఆయన మీదే ఉండేది. మేనకోడలు హైదరాబాదు మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్‌ఆర్ మేనేజరు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరి మధ్య జరిగిన వాదన ఇది. ఉద్యోగులు రోజూ అడిగే మామూలు ప్రశ్నలతో మొదలై, అసలు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఎవరి పక్షమన్న చోటికి వెళ్లింది.

మావయ్య: కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. నీ ఫోను మాత్రం భోజనాల దగ్గర్నుంచి మోగుతూనే ఉంది. ఏమిటమ్మా అంత రాచకార్యం?

మేనకోడలు: రాచకార్యం కాదు మావయ్యా, అన్నీ చిల్లర ప్రశ్నలే. కొత్తగా చేరిన కుర్రాడికి చెప్పిన జీతం ఒకటి, ఖాతాలో పడింది ఇంకొకటి. ఇంకో ఆవిడకి పీఎఫ్ క్లెయిము వెనక్కొచ్చింది. మరొకడికి తిరుగు టికెట్టు దొరకలేదట, ఇంకో రెండ్రోజులు సెలవు పొడిగించమంటున్నాడు.

మావయ్య: వాళ్లందరికీ నువ్వు చెప్పే జవాబు నాకు తెలుసు. "కంపెనీ పాలసీ ప్రకారం" అని మొదలుపెట్టి, "కుదరదు" అని ముగిస్తావు. మధ్యలో ఓ నవ్వు బొమ్మ పెడతావు.

మేనకోడలు: మీకు మా ఉద్యోగమంటే మొదట్నుంచీ చిన్నచూపే.

మావయ్య: చిన్నచూపు కాదు, అనుమానం. నీ కుర్చీ ఎలా పుట్టిందో చెబుతాను విను. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 49వ సెక్షన్ ఉండేది. అయిదు వందలు, ఆపైన కార్మికులున్న ప్రతి ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరు ఉండి తీరాలంది. చాలా రాష్ట్రాల నిబంధనల్లో ఇంకో మాట కూడా రాశారు. ఆ ఆఫీసరు కార్మికుడి మీద క్రమశిక్షణ కేసు నడపకూడదు. కోర్టులో యాజమాన్యం తరఫున కార్మికుడికి ఎదురు నిలబడకూడదు. గీత అంత స్పష్టంగా ఉండేది. ఆ తర్వాత పర్సనెల్ మేనేజర్లొచ్చారు, ఆ తర్వాత మీరొచ్చారు. ఇప్పుడు పుట్టినరోజుకి కేకు కోయించేదీ మీరే, షోకాజ్ నోటీసు చేతిలో పెట్టేదీ మీరే.

మేనకోడలు: ఆ వెల్ఫేర్ ఆఫీసరుకి జీతమిచ్చిందెవరు మావయ్యా? యాజమాన్యమేగా! క్యాంటీన్‌లో సాంబారు బాగాలేదంటే పుస్తకంలో రాసుకునేవాడనీ, ఓవర్‌టైమ్‌కి రెట్టింపు రేటు అడగబోతే సీట్లో కనిపించేవాడు కాదనీ మీరే చెప్పేవారు. గీత గీసినంత మాత్రాన మనిషి మారడు. కనీసం నేను ఎవరి జీతం తీసుకుంటున్నానో దాచిపెట్టను.

మావయ్య: సరే, దాచొద్దు. ఆ కుర్రాడి జీతం సంగతి చెప్పు. ఎంతకి తీసుకున్నారు?

మేనకోడలు: ఆరు లక్షల సీటీసీ. పన్నెండుతో భాగిస్తే నెలకి యాభై వేలు. వాళ్ల నాన్నగారు చుట్టాలందరికీ అదే చెప్పారట. మొదటి నెల ఖాతాలో పడింది 37,598. "మిగతా డబ్బు ఏమైంది మేడమ్?" అని మెయిల్ పెట్టాడు.

మావయ్య: న్యాయమైన ప్రశ్నే. ఏమైంది మరి?

మేనకోడలు: ఆరు లక్షల్లో అరవై వేలు వేరియబుల్ పే. అది ఏడాది చివర్లో, రేటింగుని బట్టి వస్తుంది. అంటే నెలకి అయిదు వేలు పక్కకి పోయింది. బేసిక్ 25,000. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ పన్నెండు శాతం, 3,000. గ్రాట్యుటీ కింద 4.81 శాతం, 1,202. ఈ మూడూ తీసేస్తే గ్రాస్ 40,798. అందులోంచి అతని వాటా పీఎఫ్ ఇంకో 3,000, వృత్తి పన్ను 200. చివరికి చేతికొచ్చింది 37,598. ఒక్క రూపాయి కూడా ఎక్కడికీ పోలేదు.

మావయ్య: నీ లెక్కలో తప్పు లేదమ్మా. తప్పు లెక్క మొదలుపెట్టిన చోట ఉంది. కంపెనీ తన వాటాగా కట్టాల్సిన పీఎఫ్‌ని వాడి జీతం కింద ఎందుకు చూపించాలి? మా రోజుల్లో జీతమంటే బేసిక్, డీఏ, హెచ్‌ఆర్‌ఏ. యాజమాన్యం వాటా యాజమాన్యం ఖర్చు. మీరు దాన్ని తెచ్చి "నీకిస్తున్నాం చూడు" అని ఆఫర్ లెటర్లో పెట్టారు.

మేనకోడలు: సీటీసీ అంటేనే ఆ మనిషి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. ఒప్పుకున్న జీతంలోంచి కంపెనీ వాటా కోస్తే చట్టవిరుద్ధం. కానీ ఖర్చు పట్టీలో చూపిస్తే తప్పేం కాదు.

మావయ్య: గ్రాట్యుటీ మాటేమిటి? అయిదేళ్లు నిండితేగానీ అది రాదు. నాలుగో ఏట మానేస్తే, నెలనెలా ప్యాకేజీలో చూపించిన 1,202 ఎవరి జేబులోకి పోతుంది?

మేనకోడలు: కంపెనీ దగ్గరే ఉంటుంది. చనిపోయినా, వైకల్యం వచ్చినా మాత్రం అయిదేళ్ల షరతు లేదు. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక, నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ. పర్మినెంటు వాళ్లకి మాత్రం అయిదేళ్లే.

మావయ్య: అంటే ఏ ఒక్కచోటా అయిదేళ్లుండని సాఫ్ట్‌వేర్ కుర్రాడికి, చేతికి రాని డబ్బుని జీతంగా లెక్కగట్టి చూపిస్తున్నారు. దాన్ని మా ఊళ్లో ఏమంటారో నువ్వు పెద్దింటి పిల్లవి కాబట్టి చెప్పను.

మేనకోడలు: ఆ విమర్శ నేను కాదనను. అందుకే మా ఆఫర్ లెటర్లో "నెలకి సుమారుగా చేతికొచ్చేది ఇంత" అని వేరే గడి పెట్టించాను. దానికోసం రిక్రూట్‌మెంట్ వాళ్లతో పెద్ద గొడవే అయింది. అంకె చిన్నగా కనిపిస్తే పిల్లలు చేరరని వాళ్ల భయం. ఈ మెయిల్ పెట్టిన కుర్రాడు కూడా ఆ గడి చూశాడు. వాళ్ల నాన్నగారే చూడలేదు, ఆ ప్రశ్న ఆయన అడిగించిందే.

మావయ్య: ఆ గడి ఎన్ని కంపెనీలు పెడతాయి?

మేనకోడలు: అన్నీ పెట్టవు. పెట్టమని కంపెనీకి లోపలనుంచి చెప్పేవాళ్లు ఎవరు మావయ్యా? మాలాంటి వాళ్లేగా! బయటినుంచి యూనియన్ వచ్చి మా దగ్గర జెండా పాతలేదు.

మావయ్య: పాతనిచ్చారా? సరేలే, ఆ మాట ఇంకోసారి. పీఎఫ్ క్లెయిము వెనక్కొచ్చిందన్నావు, ఎందుకు?

మేనకోడలు: పేరు కలవలేదు. మన తెలుగువాళ్లకి ఇది పెద్ద పీడ. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరం, చుక్క. పాన్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది. పెళ్లయ్యాక బ్యాంకు ఖాతాలో భర్త ఇంటిపేరు చేరుతుంది. మనిషి ఒక్కరే, కాగితాల్లో నలుగురు. కంప్యూటరుకి నలుగురూ నలుగురే. ఈ ఆవిడకి తండ్రి ఆపరేషనుకి డబ్బు కావాలి. పాత కంపెనీలో చేరినప్పుడు ఎవరో ఇనీషియల్‌తో ఎక్కించేశారు. ఇప్పుడు జాయింట్ డిక్లరేషన్ పెట్టి, కాగితాలు జతచేసి, యజమాని తరఫున మేం ఆమోదిస్తే అది పీఎఫ్ ఆఫీసుకి వెళుతుంది. పొద్దున్న నేను ఫోన్లో చేసిన పని అదే.

మావయ్య: మంచి పనే. కానీ అది గుమాస్తా పని తల్లీ. దానికి హెచ్‌ఆర్ అన్న పెద్ద పేరెందుకు?

మేనకోడలు: మా పనిలో ముప్పాతిక వంతు ఆ గుమాస్తా పనే. అది సరిగ్గా చేస్తే ఎవరికీ కనబడదు, తప్పు చేస్తే ఒకడి ఇల్లు గడవదు. ఇంకో ఉదాహరణ చెబుతాను. పక్కపక్క సీట్లలో ఇద్దరు. ఇద్దరికీ బేసిక్ 25,000. ఒకడి పాస్‌బుక్‌లో కంపెనీ వాటా 3,000 పడుతోంది, ఇంకొకడికి 1,750. రెండోవాడు "నా 1,250 మీరు తినేశారు" అని నా మీదకొచ్చాడు.

మావయ్య: తిన్నారా?

మేనకోడలు: మావయ్యా! అది పింఛను పథకానికి పోతోంది. కంపెనీ కట్టే పన్నెండు శాతంలో 8.33 పింఛనుకి, కానీ 15,000 జీతం మీదే లెక్క, అందుకే 1,250. 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, చేరేనాటికే ఆ జీతం 15,000 దాటినవాళ్లకి పింఛను పథకం లేదు, మొత్తం పీఎఫ్‌లోకే పోతుంది. ఒకడు కొత్త సభ్యుడు, ఇంకొకడు పాత సభ్యుడు, అంతే తేడా. అది తెలియకుండా కొత్తవాడికి కూడా పింఛను కోసేస్తే, ఉద్యోగం మారి బదిలీ పెట్టుకున్నప్పుడు తంటా. ఇది విడమరిచి చెప్పడానికి పక్షం అక్కర్లేదు, పని తెలిస్తే చాలు.

మావయ్య: ఆ మాట ఒప్పుకుంటాను. మరి మీ గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడుంటాడే, వాడి పీఎఫ్ గురించి వాడొచ్చి అడిగితే ఏం చెబుతావు? "నువ్వు మా ఉద్యోగివి కాదు, నీ కాంట్రాక్టరుని అడుగు" అనవూ?

మేనకోడలు: చాలామంది అదే అంటారు. అనకూడదు. కాంట్రాక్టరు జీతమివ్వకపోతే చివరికి బాధ్యత పని చేయించుకునే ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌దేనని 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టమే చెప్పింది. పీఎఫ్ కూడా అంతే. అందుకే కాంట్రాక్టరు ప్రతినెలా పీఎఫ్ చలానా, దానితోపాటు మా దగ్గర పనిచేసేవాళ్ల పేర్లున్న జాబితా చూపిస్తేనే బిల్లు పాసవుతుంది. కానీ నేనూ ఒకటి అడుగుతాను. మీ యూనియన్‌లో కాంట్రాక్టు కార్మికులకి సభ్యత్వం ఉండేదా?

మావయ్య: ... ఉండేది కాదు.

మేనకోడలు: మరి వాళ్ల ప్రశ్నలు ఎవరు విన్నారు?

మావయ్య: సూటిగా తగిలించావు. పర్మినెంటు వాళ్ల బోనసు కోసం గేటు మీటింగులు పెట్టాం. అదే గేట్లోంచి పోయే కాంట్రాక్టు వాళ్ల సంగతి ఎజెండాలో చివరి అంశంగా ఉండేది, అక్కడిదాకా ఎప్పుడూ వచ్చేవాళ్లం కాదు. కానీ మా లోపం మీకు యోగ్యతాపత్రం కాదు కదా! సెలవులకి రా. ఆ కుర్రాడికి రెండ్రోజులిచ్చావా, లేదా?

మేనకోడలు: ఇచ్చాను, అతని ఎర్న్‌డ్ లీవులోంచి. మా షాపుల చట్టం 1988లో వచ్చింది, రెండు తెలుగు రాష్ట్రాలకీ అదే మూలం. ఏడాదికి పన్నెండు క్యాజువల్, పన్నెండు సిక్, 240 రోజులు పనిచేస్తే పదిహేను ఎర్న్‌డ్ లీవులు. అసలు చిక్కు లెక్కలో కాదు, పండగల్లో. సంక్రాంతికి గోదావరి జిల్లాల టీమ్ మొత్తం ఒకేసారి వెళ్లిపోతానంటుంది, బతుకమ్మకీ దసరాకీ వరంగల్, కరీంనగర్ వాళ్లు. ఒకరి పండగకి ఇంకొకరు కాపలా ఉండేలా ముందే మాట్లాడి పెట్టుకుంటే సగం తగాదాలు రావు.

మావయ్య: సెలవు హక్కా, దయా?

మేనకోడలు: సంపాదించుకున్న సెలవు హక్కే. ఏ రోజున వాడుకోవాలన్నది మాత్రం ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి.

మావయ్య: ఇంతవరకూ తేలిక ప్రశ్నలే. ఇప్పుడు బరువైనవి అడుగుతాను. మన పక్కింటి అమ్మాయి నిరుడు ఇంటర్వ్యూకి వెళ్లింది. చదువు గురించి రెండు ప్రశ్నలు, "పెళ్లెప్పుడు చేసుకుంటారు, పిల్లల సంగతేమిటి" అని మూడు ప్రశ్నలు. అడిగింది హెచ్‌ఆరే, అదీ ఆడమనిషే.

మేనకోడలు: ఆ ప్రశ్న అడగడం తప్పు. దాని వెనకున్న భయం కూడా చెబుతాను. 1961 ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకీ ఇరవై ఆరు వారాల సెలవిచ్చారు. అంతకుముందు పన్నెండు వారాలే. ఈఎస్‌ఐ పరిధిలోకి రాని ఉద్యోగినికి ఆ జీతమంతా యజమానే భరించాలి. ప్రభుత్వం వాటా ఏమీ లేదు. చిన్న కంపెనీ వాడు ఆ లెక్క వేసుకుని, పైకి అనలేక, మా చేత ఆ ప్రశ్న అడిగిస్తాడు.

మావయ్య: అడిగిస్తే అడుగుతారా? ఆ మాట చాలు నాకు, మీరెవరి మనుషులో తెలియడానికి.

మేనకోడలు: నేను అడగను. మా ఇంటర్వ్యూ పత్రంలోంచి ఆ వరస తీయించేశాను. ఉద్యోగంలో చేరాక, పీఎఫ్ నామినేషన్‌కి కుటుంబ వివరాలు కావాలి, అప్పుడు అడుగుతాం. చేరే రోజునే ప్రసూతి హక్కులన్నీ రాతలో ఇవ్వాలని చట్టం. గడిచిన పన్నెండు నెలల్లో ఎనభై రోజులు పనిచేసి ఉంటే అర్హత వచ్చినట్టే. యాభై మంది ఉద్యోగులున్నచోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసి రావచ్చు. ఆ సెలవులో ఉండగా ఆమెని తీసేయడానికీ, ఆమెకి నష్టంగా ఉద్యోగ షరతులు మార్చడానికీ వీల్లేదు. ఇవన్నీ ఒక కాగితం మీద వేసి ఇస్తాను. అడిగేదాకా ఆగను.

మావయ్య: బాగుంది. మరి ఆఫీసులో ఒక ఆడపిల్లని పైవాడు వేధించాడనుకో. నీ దగ్గరికొచ్చి చెప్పుకుంటుంది. నువ్వు ఇద్దర్నీ కూర్చోబెట్టి "సర్దుకుపోండి" అంటావు. అవునా?

మేనకోడలు: అంటే చట్టం నా మీదకొస్తుంది. 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు...

మావయ్య: మన విశాఖా?

మేనకోడలు: కాదు మావయ్యా, రాజస్థాన్ కేసు. విశాఖ అన్నది పిటిషన్ వేసిన సంస్థల్లో ఒకదాని పేరు. ఆ తీర్పులో ఇచ్చిన మార్గదర్శకాలే 2013లో చట్టమయ్యాయి. ఆ చట్టం ఈ ఒక్క విషయాన్నీ మా చేతుల్లోంచి తీసేసింది. పదిమంది ఉద్యోగులున్న ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళ, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు, బయటినుంచి ఒకరు. మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. తొంభై రోజుల్లో విచారణ ముగించాలి. రాజీ అన్నది ఫిర్యాదు చేసినామె కోరితేనే, అదీ డబ్బుతో ముడిపెట్టకూడదు. సాక్షాత్తూ యజమాని మీదే ఫిర్యాదయితే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంది.

మావయ్య: చూశావా? ఎక్కడ నిజంగా న్యాయం కావాలో, అక్కడ చట్టం హెచ్‌ఆర్‌ని నమ్మలేదు. బయటి మనిషిని తెచ్చి కూర్చోబెట్టింది. నేనంటున్నదీ అదే.

మేనకోడలు: నమ్మకపోవడమే మంచిది. ఆ కమిటీ వేయించడం, గోడ మీద సభ్యుల పేర్లు అంటించడం, ఆ అమ్మాయి నా దగ్గరికొస్తే "సర్దుకో" అనకుండా ఫిర్యాదు ఎలా రాయాలో చెప్పడం, ఇవి నా పని. తీర్పు చెప్పడం నా పని కాదు.

మావయ్య: సరే, ఉద్యోగం మానేసేవాడి సంగతి. మూడు నెలల నోటీసు. కొత్త కంపెనీ వాడు నెల్లో రమ్మంటాడు. మీరు వదలరు. రిలీవింగ్ లెటరు ఆపుతారు. కొందరైతే ఒరిజినల్ సర్టిఫికెట్లు దాచిపెడతారు. ఇంకొందరు బాండు చూపించి రెండు లక్షలు కట్టమంటారు.

మేనకోడలు: ఒక్కోటీ విడదీయండి. నోటీసు పీరియడ్ ఒప్పందంలో రాసుకున్నది. బైఅవుట్ ఉంటే ఆ డబ్బు కట్టి వెళ్లొచ్చు, లేకపోతే మేనేజరుతో మాట్లాడుకోవాలి. సర్టిఫికెట్లు తనిఖీ చేసి అక్కడికక్కడే తిరిగివ్వాలి. దగ్గర పెట్టుకుంటే అది బెదిరింపు, నేను దాన్ని సమర్థించను. బాండు సంగతి వేరు. వెళ్లాక ఫలానాచోట పనిచేయకూడదన్న షరతు 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. కానీ ఇన్నాళ్లు పనిచేయాలి, మధ్యలో వెళితే ఇంత కట్టాలి అన్న షరతు చెల్లవచ్చు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో, మూడేళ్లు పనిచేయకపోతే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందంది.

మావయ్య: అది నేనూ చదివాను. ప్రభుత్వ బ్యాంకు దేశమంతా ప్రకటన ఇచ్చి, పోటీ పెట్టి మనిషిని ఎంచుకోవాలి, ఆ ఖర్చుని కోర్టు లెక్కలోకి తీసుకుంది. మూడు వారాలు వీడియోలు చూపించి ట్రైనింగ్ ఇచ్చామనే అమీర్‌పేట కన్సల్టెన్సీకి కూడా అదే వర్తిస్తుందా?

మేనకోడలు: వర్తించాలంటే నిజంగా ఎంత ఖర్చు పెట్టారో చూపించాలి. నష్టపరిహారం సమంజసంగా ఉండాలన్నదే చట్టం. ఇక వెళ్లిపోయేవాడి జీతం. ఇదివరకు నలభై అయిదు రోజులదాకా తిప్పుకోవడం ఆనవాయితీ. కొత్త వేతన కోడ్ ప్రకారం రాజీనామా చేసినా, తీసేసినా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. గ్రాట్యుటీకి ముప్ఫై రోజులు. మా పేరోల్ వాళ్లు తలపట్టుకున్నారు.

మావయ్య: పట్టుకోనీ. పెళ్లాం పిల్లలున్నవాడు నెలన్నర ఎలా బతికాడో ఇన్నాళ్లూ ఎవడూ తలపట్టుకోలేదు. ఇప్పుడు చివరి ప్రశ్న. దీని కోసమే నిన్ను ఇంతసేపూ కూర్చోబెట్టాను. ప్రాజెక్టు అయిపోయింది, మనిషి పనిలేక బెంచ్ మీదున్నాడు. లేదా పనితీరు మెరుగుపరచుకోవాలంటూ పిప్ అని ఏదో పెట్టారు. ఓ రోజు మీటింగు గదికి పిలుస్తారు. తలుపు వేస్తారు. "నువ్వే రాజీనామా ఇవ్వు, లేకపోతే టెర్మినేట్ చేస్తాం, అది నీ రికార్డులో ఉండిపోతుంది" అంటారు. అలా అనేదెవరు?

మేనకోడలు: హెచ్‌ఆర్.

మావయ్య: ఎందుకంటారు?

మేనకోడలు: మీకు తెలిసే అడుగుతున్నారు.

మావయ్య: తెలుసు. నీ నోట వినాలని. ఏడాది పనిచేసిన కార్మికుణ్ణి అవసరం లేదని తీసేయాలంటే నెల నోటీసివ్వాలి, ఏడాదికి పదిహేను రోజుల చొప్పున పరిహారమివ్వాలి. అది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంది. పెద్ద ఫ్యాక్టరీ అయితే ప్రభుత్వ అనుమతి కూడా కావాలి. అందుకు ఉండాల్సిన కార్మికుల సంఖ్య ఇదివరకు వంద, ఇప్పుడు మూడొందలు చేశారు. వాడే రాజీనామా రాసిచ్చాడనుకో, ఇవేవీ అక్కర్లేదు. ఒక్క సంతకంతో చట్టమంతా పక్కకి తప్పుకుంటుంది.

మేనకోడలు: సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కార్మికుడి కిందకి వస్తాడా అన్నది మా లాయర్లు ఎప్పుడూ లేవనెత్తే ప్రశ్న.

మావయ్య: సాంకేతిక పని చేసేవాడు కార్మికుడేనని నిర్వచనంలోనే ఉంది. జీతం పరిమితి సూపర్‌వైజర్లకి. కోడ్ రాసేవాడు ఎవర్ని సూపర్‌వైజ్ చేస్తున్నాడు? లాయర్ల మాట కాదు, నీ మాట చెప్పు. ఆ గదిలో నువ్వెవరి మనిషివి?

మేనకోడలు: కంపెనీ మనిషిని.

మావయ్య: ఆ మాట సూటిగా చెప్పినందుకు సంతోషం.

మేనకోడలు: ఇంకా పూర్తికాలేదు. ఆ గదిలోకి వెళ్లేముందు పైవాళ్లకి మెయిల్ పెడతాను. చట్టప్రకారం ఇంత నోటీసు, ఇంత పరిహారం, ఇది తప్పితే కేసుకి వెళ్లే వీలుంది అని. నా మాట వింటే మంచిది, వినకపోతే నేను చెప్పినట్టు రాతలో ఉంటుంది. గదిలోకి వెళ్లాక "ఇప్పుడే సంతకం పెట్టక్కర్లేదు, ఇంటికెళ్లి ఆలోచించుకో, ఇచ్చే డబ్బెంతో రాతలో తీసుకో" అంటాను. కొందరికి రాజీనామానే మేలనిపిస్తుంది, ఎందుకంటే తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో టెర్మినేషన్ అని కనబడితే తలుపులు మూసుకుంటాయి. ఆ ఎంపిక వాళ్లది. తొందరపెట్టి తీసుకున్న సంతకం మాత్రం నాకొద్దు.

మావయ్య: నువ్వలా అంటావు. అందరూ అంటారా?

మేనకోడలు: అనరు. లాప్‌టాప్ లాక్ చేసి, పక్కన సెక్యూరిటీని నిలబెట్టి, అరగంటలో సంతకం తీసుకునేవాళ్లున్నారు. వాళ్లు నా వృత్తివాళ్లే. అందుకే హెచ్‌ఆర్‌ని నమ్మండని నేనెవరికీ చెప్పను మావయ్యా.

మావయ్య: మరేం చెబుతావు?

మేనకోడలు: హెచ్‌ఆర్‌ని వాడుకోండని చెబుతాను. నేను మీ యూనియన్ కాను, మీ స్నేహితురాలిని కాను. కంపెనీ తరఫున జవాబు చెప్పాల్సిన మనిషిని. జవాబు చెప్పకుండా తప్పించుకునే హక్కు నాకు లేదు. మీరు మంచి హెచ్‌ఆర్, చెడ్డ హెచ్‌ఆర్ అని చూస్తున్నారు. ఉద్యోగికి నా మంచితనంతో పనిలేదు, నా సంతకం ఉన్న జవాబుతో పని.

మావయ్య: ఇది నచ్చింది. మంచి మేనేజరు దొరికితే బాగుపడతాం, లేకపోతే లేదు అన్న బతుకు బతుకే కాదు. మేం యూనియన్‌లో నేర్చుకున్న మొదటి పాఠం కూడా ఇదే. చర్చల్లో ఎంత తియ్యగా మాట్లాడినా, మినిట్స్ మీద సంతకమయ్యేదాకా లేచేవాళ్లం కాదు. అయితే నా మాట నేను మార్చుకోవడం లేదు. ఉద్యోగి ఒంటరిగా అడిగితే మెయిల్‌కి జవాబొస్తుంది, పదిమంది కలిసి అడిగితే పాలసీ మారుతుంది. ఆ పదిమందీ కలిసే చోటు మీ ఆఫీసుల్లో లేదు. హెచ్‌ఆర్ ఆ చోటుకి బదులు కాదు.

మేనకోడలు: కాదు. నేనూ అలా అనలేదు. ఆ చోటు వచ్చేదాకా ఒంటరిగా ఉన్నవాడు ఏం చేయాలన్నదే నా ప్రశ్న.

మావయ్య: అయితే ఆ ఒంటరివాడికి నువ్వే చెప్పు. నీ లోపలి రహస్యాలు నీకే తెలుసు.

మేనకోడలు: రహస్యాలేం లేవు. ఆఫర్ లెటరులో సీటీసీ చూసి మురిసిపోకుండా, నెలకి చేతికెంత వస్తుందో చేరకముందే మెయిల్లో అడగండి. అపాయింట్‌మెంట్ లెటరు లేకుండా చేరకండి, అది ఇప్పుడు ప్రతి ఉద్యోగికీ ఇవ్వాల్సిందే. ఆధార్, పాన్, బ్యాంకు, పీఎఫ్ నాలుగింట్లోనూ పేరు ఒకేలా ఉందో లేదో చేరిన వారంలోనే సరిచూసుకోండి. నెలకోసారి పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ వదిలిపెట్టకండి. వేధింపు జరిగితే తేదీలు రాసిపెట్టుకుని కమిటీకే ఇవ్వండి. రాజీనామా అడిగితే ఆ గదిలో సంతకం పెట్టకండి.

మావయ్య: ఒక్కటి మరిచిపోయావు. నోటితో "పాలసీ ఒప్పుకోదు" అంటే, ఆ పాలసీ ఏ పేజీలో ఉందో పంపమని అడగాలి. పంపితే చదువుకో. పంపకపోతే అలాంటి పాలసీ లేదన్నమాట.